ఆ పైపు కడిగింది నేనే

మా చెల్లె నాగమణికి దగ్గు మొదలైన రోజు నాకు బాగా గుర్తుంది. ఏప్రిల్ చివరి వారం, బీడీలు చుట్టే తునికాకు కోత జోరుగా ఉంది. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తాను. నాలుగు రోజులు సెలవు పెట్టి భద్రాచలం దాటి చర్ల వైపు ఉన్న మా ఊరికి వెళ్లాను. తెల్లవారుతూనే అడవిలోకి పోయి ఆకు కోసుకొచ్చి, పొద్దెక్కాక పందిరి కింద కూర్చుని కట్టలు కడుతున్నాం. నాగి బుగ్గలో తునికి గింజ ఉంది. మా దగ్గర అందరికీ ఉన్న అలవాటే అది. ఆకు కోసేటప్పుడు దొరికిన పండు తింటాం, గుజ్జు అయిపోయాక ఒక గింజ ఉమ్మకుండా బుగ్గన పెట్టుకుంటాం. నోరు ఎండదు, మాటిమాటికీ నీళ్ల కోసం లేవనక్కర్లేదు.

నేను ఊరుకునే రకం కాదు. మా ఆసుపత్రిలో ఒక సూపర్‌వైజర్ ఎలా నడుస్తాడో లేచి నడిచి చూపించాను. నాగి పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే గుక్క పట్టింది. మొహం కందిపోయింది, కళ్లు తేలేసింది. వీపు మీద గట్టిగా చరిచాను. కాసేపటికి దగ్గు తగ్గి, చెంబెడు నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుంది.

“సచ్చిపోత అనుకున్న అక్కా! ఇంకోసారి నన్ను గట్ల నవ్వియ్యకు,” అంది.

మళ్లీ కట్టలు కట్టుకుంటూ కూర్చున్నాం. నేను మర్నాడు ఖమ్మం వచ్చేశాను.

ఆ దగ్గు పోలేదు. మొదట ఎండదెబ్బ అనుకున్నారు, తర్వాత తప్పు పచ్చి మామిడికాయ మీద పెట్టారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సిరప్ ఇచ్చాడు. జూన్‌లో జ్వరం పట్టుకుంది. భద్రాచలంలో ఎక్స్‌రే తీసి, కుడివైపు కింద నిమ్ము చేరిందని యాంటీబయాటిక్ రాశారు. తగ్గింది. ఇరవై రోజులకు మళ్లీ అదే జ్వరం, అదే దగ్గు, అదే చోట నిమ్ము. మళ్లీ మందులు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. మా అమ్మ ఊరి దేవత ముత్యాలమ్మకు కోడిని మొక్కింది. నేను ఫోనులో అందరినీ తిట్టడం తప్ప ఏమీ చేయలేదు.

ఆగస్టులో ఒక పొద్దున నాగి భర్త రాంబాబు ఫోన్ చేశాడు. “వదినా, నాటు ఏస్తాంటె నాగి నెత్తురు కక్కింది. నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు. ఏం జెయ్యాలె?”

“ఏం జెయ్యాలెనా? ఇన్నొద్దులు ఏం జేసినవ్ మరి? రేపు మొదటి బస్సుకు తోలుకరా,” అని అరిచాను. అరవడం నాకు సులువు. భయం వేస్తే నాకు ఏడుపు రాదు, కోపమే వస్తుంది.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ మా ఆసుపత్రిలోనే ఉంది. అందరం మేడం అంటాం. సీటీ స్కాన్ తీయించింది. కుడి ఊపిరితిత్తి కింది భాగానికి పోయే గాలిదారి సన్నబడి, దాని వెనక అంతా చెడిపోయి కనబడుతోందని చెప్పింది. కఫం పరీక్షలో ఏమీ రాలేదు.

“ఎప్పుడైనా తింటుంటే పొరపోయిందా అమ్మా? ముక్క, ఎముక, పల్లీ, ఏదైనా?” అని నాగిని అడిగింది.

“లేదు మేడం. తినేటప్పుడు ఏం గాలే,” అంది నాగి. నేను పక్కనే ఉన్నాను. నేనూ లేదన్నట్టే తల ఊపాను.

“అయితే బ్రాంకోస్కోపీ చేసి చూడాలి. టీబీ కావచ్చు. ఈ వయసులో కాకూడదుగానీ, గడ్డ కూడా కావచ్చు,” అంది మేడం. గడ్డ అంటే క్యాన్సరని ఆసుపత్రిలో పనిచేసే నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి. బ్రాంకోస్కోపు అంటే సన్నటి నల్లటి పైపు. ముక్కులోంచో నోట్లోంచో గాలిగొట్టంలోకి దించుతారు. కొసన లైటు, కెమెరా ఉంటాయి. లోపల పొడవునా ఒక సన్నటి దారి ఉంటుంది. అందులోంచి కఫం లాగుతారు, లోపల నీళ్లు పోసి ఆ కడుగు నీళ్లను టెస్టుకు పంపుతారు. ఒకరికి వాడాక కడిగి ఇంకొకరికి వాడతారు. ఆ కడిగేది నేను. తొమ్మిదేళ్లుగా అదే పని. ముందు ఎక్కడైనా లీకు ఉందేమో చూడాలి. ఆ సన్నటి దారిలో పొడవాటి బ్రష్ దూర్చి, అది తెల్లగా బయటికి వచ్చేదాకా తోమాలి. సబ్బు మందులో ఉంచి కడగాలి. ఆ తర్వాత క్రిములను చంపే మందు తొట్టిలో ఇరవై నిమిషాలు ముంచి ఉంచాలి. మంచి నీళ్లతో కడిగి, స్పిరిట్ పంపి, గాలి పట్టి, బీరువాలో వేలాడదీయాలి. ఎన్ని నిమిషాలు ముంచామో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి.

అంతకు ముందు ఏడాది ఒక కంపెనీ అతను ఒక్కసారి వాడి పారేసే స్కోపు తెచ్చి చూపించాడు. ప్లాస్టిక్‌ది, తేలిగ్గా ఉంది, ప్యాకెట్‌లో సీలు వేసి వస్తుంది. కడిగే పనే లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. “పారేసేదానికి ఇంత మురిపమా? నేను కడిగిన స్కోపులోంచి నీళ్లు పోసుకుని తాగొచ్చు,” అన్నాను. అందరూ నవ్వారు. మేడం రెండు మూడు తెప్పించి ఐసీయూలో పెట్టించింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు అర్జెంటుగా చూడాల్సి వస్తే పనికొస్తాయని.

నాగికి బ్రాంకోస్కోపీ పెట్టిన రోజు మాకున్న రెండు పెద్ద స్కోపుల్లో ఒకటి రిపేరుకు పోయింది. ఉన్నది ఒక్కటే, కేసులు మూడు. నాగిది మూడోది. మా ఆసుపత్రిలో స్టాఫ్ మనిషి అంటే ఒక మర్యాద ఉంది. మా వాళ్లు ఎవరైనా వస్తే ఓపీ దగ్గర నిలబడనక్కర్లేదు, స్కాన్ దగ్గర ఎదురుచూడనక్కర్లేదు, మధ్యలో దూరుస్తాం. ఒకరికొకరం చేసుకుంటాం. దాన్ని తప్పని నేను ఎన్నడూ అనుకోలేదు. నాగి రాత్రి నుంచి ఏమీ తినలేదు. నాలుగేళ్ల కూతురు బుజ్జిని పక్కింట్లో వదిలి వచ్చింది. పరీక్ష అయ్యాక రెండు గంటలు పడుకోబెట్టి చూడాలి. ఆ తర్వాత బయల్దేరితేనే భద్రాచలంలో చర్ల పోయే ఆఖరి బస్సు దొరుకుతుంది.

“అక్కా, బస్సు అందకపోతే ఎట్లనే? బుజ్జి నేను లేకపోతే పండదు,” అని గుమ్మంలో నిలబడి అడుగుతూనే ఉంది.

“నేనున్న కదనే! నువ్వు ఊకో,” అన్నాను. మేడంతో చెప్పి ఆమెను రెండో నంబరుకు మార్పించాను.

మొదటి కేసు కారేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. చాలా కఫం వచ్చింది. ఆయనది అయిపోగానే స్కోపు నా చేతికి వచ్చింది. నాగిని లోపలికి తీసుకొచ్చి గొంతులో మత్తు మందు కొట్టారు. “స్కోపు రెడీయా సమ్మక్కా?” అని మేడం కేక వేసింది. బ్రష్ ఒక్కసారి దూర్చి తీశాను. దాని వెంట్రుకలకు ఇంకా జిగురు ఉంది. చూశాను. చూసి కూడా తొట్టిలో వేశాను. “రెడీయా?” అని మళ్లీ కేక. గోడ గడియారం చూశాను. ఎనిమిది నిమిషాలైంది. గొంతు మొద్దుబారిన చెల్లె అక్కడ కళ్లు మూసుకుని పడుకుని ఉంది, మత్తు దిగిపోతే మళ్లీ కొట్టాలి, బస్సు పోతుంది. మూడో కేక రాకముందే పైపు తీసి, కడిగి, తుడిచి, “రెడీ మేడం,” అని ఇచ్చాను. పుస్తకంలో ఇరవై నిమిషాలని రాశాను.

నాగి చేయి పట్టుకుని నేనే నిలబడ్డాను. తెర మీద కనిపించింది: కుడివైపు కింది దారిలో ఎర్రగా ఉబ్బిన కండ. మేడం కొంచెం తాకిందో లేదో నెత్తురు వచ్చింది. కడుగు నీళ్లు, చిన్న ముక్క తీసుకుని ఆపేసింది. నాగి సాయంత్రం బస్సు అందుకుంది. ఇంటికి చేరాక ఫోన్ చేసి, “నువ్వు లేకపోతే నా గతి ఏమయ్యేదే అక్కా,” అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో!

మూడో రోజు రిపోర్టు వచ్చింది. కడుగు నీళ్లలో టీబీ క్రిమి జాడ ఉంది. ముక్కలో వాపు తప్ప ఏమీ లేదు. గడ్డ కాదు! బాత్‌రూమ్‌లోకి పోయి కొళాయి తిప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. టీబీ అయితే మందులున్నాయి, సర్కారు ఇస్తుంది, ఆరు నెలలు వేసుకుంటే పోతుంది. రాంబాబుకు ఫోన్ చేసి, “బతికిపోయినం,” అన్నాను.

మందులు మొదలైన మూడో వారానికి వాంతులు. తర్వాత తిండి వాసనే పడలేదు. కళ్లు పచ్చబడ్డాయి. ఖమ్మం తీసుకొచ్చి చేర్చాం. లివర్ దెబ్బతిందని మేడం మందులు ఆపింది. కొంచెం తేరుకోగానే ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పచ్చబడింది. జ్వరం మాత్రం ఒక్క రోజూ వదల్లేదు. దగ్గితే దుర్వాసన, చీము, మధ్యలో నెత్తురు. చేతి గాజులు మోచేయి దాకా జారేవి. నడుముకు తువాలు చుట్టి కట్టుకుంటేగానీ చీర నిలిచేది కాదు.

ఆసుపత్రిలో చేర్చకముందు ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ ఇంకో బాధ. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలని మేడం చెప్పింది, కానీ మా వాళ్లు నాగికి కంచం వేరు పెట్టారు, మంచం వసారాలో వేశారు. బుజ్జి అమ్మ దగ్గరికి పోతానని గడప దగ్గర ఏడుస్తుంటే చేయి పట్టుకుని ఆపింది ఎవరో కాదు, చూడటానికి పోయిన నేనే. “అమ్మ పురుగు నీకు అంటుతది,” అని భయపెట్టాను. ఆ పిల్ల తర్వాత తల్లిని చూస్తే దాక్కోవడం మొదలుపెట్టింది.

క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టు ఆరు వారాలకు వచ్చింది. టీబీ క్రిమి పెరగలేదు. “కొన్నిసార్లు పెరగదు సమ్మక్కా, అయినా నాకు తృప్తిగా లేదు. ఏదో తేడాగా ఉంది,” అంది మేడం. అదే వారంలో కారేపల్లి పెద్దాయన చూపించుకోవడానికి వచ్చాడు. బాగా తేరుకున్నాడు, కండ పట్టాడు. నన్ను గుర్తుపట్టి, “బిడ్డా, టీబీ అట, బలంగ ఉన్నదట. మందులు మింగుతున్న, ఇప్పుడు మంచిగున్న,” అన్నాడు.

నా చేతిలో ట్రే ఉంది. పక్కన పెట్టి స్కోపు గదికి పోయి పుస్తకం తీశాను. ఆయన పేరు. దాని కింద మా చెల్లె పేరు. రెండింటి మధ్య నా చేతిరాత: ఇరవై నిమిషాలు.

ఏం చేశానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. పుస్తకం మూసి పెట్టేశాను. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని ఒక భయం. నిజంగానే టీబీ ఉంటే నేనెందుకు బయటపడాలి అని ఒక లెక్క. రాంబాబు, అమ్మ నా మొహం చూడరని ఇంకో భయం. వార్డులోకి పోయి చెల్లె నోటికి గంజి పట్టేదాన్ని. అది తాగలేక కక్కేది. కక్కింది ఎత్తిపోసి, మళ్లీ పైకొచ్చి, ఇతరుల స్కోపులు గడియారం చూసుకుంటూ కడిగేదాన్ని. అంత జాగ్రత్తగా నా బతుకులో ఎన్నడూ కడగలేదు. దేవుడితో బేరం పెట్టుకున్నాను, నేను ఇక తప్పు చేయను, నువ్వు దాన్ని లేపు అని. అది లేవలేదు. బరువు చూసే మిషన్ దగ్గరికి కూడా నడవలేని స్థితికి వచ్చింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం నాగి నన్ను మంచం మీద కూర్చోమంది. “అక్కా, నేను పోతే బుజ్జిని నీ కాడనే ఉంచుకో. రాంబాబు మంచోడే గని, ఆయనకు జడ ఎయ్యరాదు.”

“నోరుమూసుకో,” అన్నాను.

“కోపం జెయ్యకు. నువ్వు జేసినంత ఎవలు జేస్తరే నాకు?”

అక్కడ ఇక కూర్చోలేకపోయాను. నేరుగా మేడం గదికి పోయాను. బయట ఇంకా ఓపీ ఉంది. తలుపు వేసి, ఎదురుగా కూర్చోకుండా గోడకు ఆనుకుని చెప్పేశాను. మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎన్ని నిమిషాలు ఉంచావు?”

“ఎనిమిది, మేడం.”

“బ్రష్?”

“ఒక్కసారే. జిగురు ఇంకా ఉండె. చూసిన.”

తిడితే బాగుండుననిపించింది. ఆఖరికి, “రెడీయా రెడీయా అని నీ మీద అరిచింది నేనేగా,” అంది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది: చచ్చిన క్రిమి ముక్క పైపులో మిగిలినా ఆ టెస్టు పట్టేస్తుంది. పెద్దాయన టీబీ నాగి రిపోర్టులో కనిపించి ఉండొచ్చు. “అలా కాకపోవచ్చు కూడా. నిజంగానే ఆమెకు టీబీ ఉండొచ్చు. లేదా బతికున్న క్రిమిని మనమే లోపలికి పంపి ఉండొచ్చు. ఏదీ తేలకుండా ఆ లివర్‌కు నేనింక ఒక్క మాత్ర కూడా ఇవ్వలేను. మళ్లీ స్కోపు వేయాలి. ఈసారి ఐసీయూలో ఉన్న ప్యాకెట్‌ది తీసుకురా.”

నేను ఎగతాళి చేసిన ఆ ప్లాస్టిక్ పైపును నేనే వెళ్లి తెచ్చాను. మేడం దాని ప్యాకెట్ నాగి ముందే చింపింది. తెర మీద ఆ పైపు బొమ్మ మా పెద్ద స్కోపు బొమ్మంత తేటగా లేదు. కఫం లాగడంలోనూ బలం తక్కువ, చిక్కటి చీముకు మాటిమాటికీ అడ్డుపడింది. కానీ అది ఇంతకు ముందు ఎవరి గొంతులోకీ పోలేదు. దాంట్లోంచి వచ్చే నీళ్లు నాగివే, ఇంకెవరివీ కావు. ఆ ఒక్క సంగతి కోసం నేను ఆ పైపుకు దండం పెట్టాను. అయిపోయాక మేడం దాన్ని చెత్త సంచిలో పడేస్తుంటే నా చెయ్యి అలవాటు కొద్దీ అందుకోబోయింది.

నెత్తురు కొంచెం తక్కువగా ఉన్న ఒక క్షణంలో ఆ ఉబ్బిన కండ చాటున నల్లగా ఏదో అంచు కనిపించింది. మేడం సన్నటి పట్టకారు దూర్చి పట్టబోయింది. జారిపోయింది. మళ్లీ జారిపోయింది.

“చూడటానికి ఇది సరిపోయింది, లాగటానికి సరిపోదు,” అంది. “కొన్ని రోజులు వాపు తగ్గే మందు ఇద్దాం. తర్వాత థియేటర్‌లో పూర్తి మత్తు ఇచ్చి పెద్ద స్కోపుతో వెళ్దాం.” నా వైపు తిరిగింది. “నువ్వే కడుగు.”

“నేనా? వద్దు మేడం. ఎవరితోనన్న కడిగిపియ్యిండ్రి.”

“కడగకపోతే ఏమవుతుందో ఈ బిల్డింగ్‌లో నీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. సిస్టర్ పక్కన నిలబడి టైమ్ చూస్తుంది.”

రెండు రోజులకు కడుగు నీళ్ల రిపోర్టు వచ్చింది. టీబీ జాడ లేదు. సంతోషం కలగలేదు. లేని రోగానికి ఇన్నాళ్లు చెల్లెను చంపుకు తిన్నానన్న మాట ఒక్కటే తలలో తిరిగింది.

థియేటర్ రోజు పొద్దున ఆ పెద్ద స్కోపు కడిగాను. బ్రష్ తెల్లగా వచ్చేదాకా తోమాను, వచ్చాక ఇంకోసారి తోమాను. తొట్టిలో ముంచాక సిస్టర్ గడియారం చూస్తూ నిలబడింది. ఇరవై నిమిషాలు అంత పొడుగ్గా ఉంటాయని అప్పుడు తెలిసింది. అందులో ఎనిమిది ఎప్పుడు పూర్తయ్యాయో కూడా గమనించాను.

నాగిని లోపలికి తీసుకుపోయారు. లివర్ అంతంతమాత్రం, ఒంట్లో నెత్తురు తక్కువ, మత్తు నుంచి లేవకపోవచ్చని సంతకం పెట్టించుకున్నారు. రాంబాబు సంతకం కాగితం దాటి పోయింది. నేను స్కోపు గదిలో స్టూలు మీద కూర్చుని తొట్టిలోని నీళ్లనే చూస్తున్నాను. గంట తర్వాత మేడం మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చింది, చేతిలో స్టీలు గిన్నె.

“మనిషి బాగుంది. ఇది చూడు. ఇదేంటి?”

నల్లగా, బల్లపరుపుగా, నాని ఉబ్బి, చుట్టూ చీముతో ఒక గింజ. తునికి గింజ. పందిరి, ఆకు కట్టలు, సూపర్‌వైజర్ నడక, పడీపడీ నవ్విన నాగి, అన్నీ కళ్లముందు తిరిగాయి.

“నేను మొదట్లోనే అడిగాను కదమ్మా, తింటుంటే ఏమైనా పొరపోయిందా అని,” అంది మేడం నొచ్చుకుంటూ.

“తినలేదు మేడం. బుగ్గన పెట్టుకున్నది, గంతే,” అన్నాను. అది తిండి కిందికి వస్తుందని మాకిద్దరికీ తట్టనే లేదు. ఆరు నెలలుగా అది లోపలే ఉంది.

ఎనిమిది రోజులకు జ్వరం పూర్తిగా తగ్గింది. నాగి అన్నం అడిగింది, పచ్చిపులుసు కావాలని అడిగి తిట్లు తింది. గింజను చిన్న సీసాలో పెట్టించుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేది. నేను అందరికీ దేవతనైపోయాను. “వదిన లేకపోతే నాగి లేదు,” అని రాంబాబు వార్డంతా చెప్పుకుంటున్నాడు. ఆ మాట వినబడితే నేను పక్క వార్డుకు పోయేదాన్ని. ఒక మధ్యాహ్నం అతను టీ కోసం బయటికి పోయినప్పుడు నాగికి అంతా చెప్పాను. బ్రష్, ఎనిమిది నిమిషాలు, పుస్తకం, పదకొండు రోజులు, ఏదీ దాచలేదు.

నాగి చేతిలోని సీసాను దిండు పక్కన పెట్టింది. “బుజ్జి నన్ను జూసి ఉరుకుతదే అక్కా, ఇప్పటికి గూడ,” అంది. ఏడవలేదు. నేను కాళ్లు పట్టుకోబోతే కాళ్లు ముడుచుకుంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసి అడిగింది. “నా కాడ అంటే బస్సు పోతదని, చెల్లెనని తొందరవడ్డవ్. మరి వేరే దినాల తొందరవడ్డది ఎవల కోసం?”

ఎన్నడూ పడలేదని అనబోయాను. ఎనిమిది నిమిషాలైతే ఇంకెప్పుడూ లేదు. కానీ ఒక రోజు పదిహేను, ఒక రోజు సరిగా ఆరకుండానే బీరువాలో పెట్టడం, ఇంకో రోజు బ్రష్ పాతదైందని తెలిసీ వాడటం. అవి ఉన్నాయి. పుస్తకంలో మాత్రం అన్నిచోట్లా ఇరవైయే.

“నాకైతే అక్కవు నువ్వున్నవ్. వాళ్లకెవరున్నరే?” అంది నాగి.

మళ్లీ మేడం గదికి పోయాను. ఆసుపత్రి వాళ్లు ఎంక్వైరీ పెట్టారు. నన్ను స్కోపు గదిలోంచి తీసి మూడు నెలలు దుప్పట్లు మడిచే పనిలో వేశారు. అది తక్కువ శిక్షే. ఆ స్కోపు వేసిన అందరికీ ఫోన్ చేసి పరీక్షకు పిలవాలన్నారు. ఆ ఫోన్లు నేనే చేస్తానని అడిగాను. కొందరు తిట్టారు. ఒకాయన కేసు పెడతానన్నాడు, పెట్టమన్నాను. వచ్చినవాళ్లందరివీ ఇప్పటిదాకా బాగానే ఉన్నాయి. దమ్మపేట వైపు ఒక ఆమె నంబరు మాత్రం ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. రాసిచ్చిన ఊరికి బస్సెక్కి పోయాను. కూలికి ఎక్కడికో పోయారు, ఎక్కడికో తెలియదన్నారు. రోజూ మధ్యాహ్నం అన్నం తినేముందు ఆ నంబరుకు ఒకసారి చేస్తాను.

ఇప్పుడు నాగి తన పని తాను చేసుకుంటోంది. కుడి ఊపిరితిత్తి కింది ముక్క పూర్తిగా తెరుచుకోలేదు, ఇక తెరుచుకోదట. నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం వస్తుంది. మేము నిజంగా క్రిమిని అంటించి ఉంటే అది ఇప్పుడే బయటపడకపోవచ్చని, రెండేళ్లు కనిపెట్టి ఉండాలని మేడం చెప్పింది. అందుకే నాగి ఫోనులో ఒక్కసారి దగ్గినా నాకు ఆ పూట అన్నం దిగదు. బుజ్జి ఇప్పుడు తల్లి పక్కనే పడుకుంటోంది. కానీ అర్ధరాత్రి లేచి అమ్మ మూతి మీద గుడ్డ ఉందా అని తడుముతుందట. మళ్లీ తునికాకు కోత వచ్చింది. మా వాడకట్టులో గింజ బుగ్గన పెట్టుకున్న పిల్లలు కనిపిస్తే నాగి పరుగెత్తి నోట్లో వేలు పెట్టి తీస్తుంది. ఊళ్లో ఆమెకు గింజల నాగి అని పేరు పడింది.

నేను మళ్లీ స్కోపు గదిలోకి వచ్చాను. టీబీ అనుమానం ఉన్నవాళ్లకు, అర్జెంటు కేసులకు ఇప్పుడు మా దగ్గర ప్యాకెట్‌వే వాడుతున్నారు. ముక్క తీయడాలు, ఇరుక్కున్నవి లాగడాలు ఉన్నవాటికి పెద్ద స్కోపే కావాలి, కాబట్టి కడగడం ఆగదు. పుస్తకంలో నాది కాకుండా ఇంకొకరి సంతకం కూడా ఉండాలి. ఏ పైపు మంచిదని నన్నెవరైనా అడిగితే, ప్యాకెట్‌ది అయితే మీ కళ్లముందు చింపినది, కడిగినదైతే పూర్తిగా కడిగినది అని చెబుతాను.

మొన్న నాగి చెకప్‌కు వచ్చింది. ఇంకోసారి లోపల చూడాలని మేడం పెద్ద స్కోపు పెట్టమంది. అందరూ ఉండగా నాగి గుమ్మంలోనే ఆగి, “అక్కా, ఎవరికి ఏసినవ్ ముంగట? ఎన్ని నిమిషాలు ఉంచినవ్? ఆరిందా?” అని అడిగింది. నా సొంత చెల్లె, పదిమందిలో! ఒక్కసారి చుర్రుమంది. తర్వాత పుస్తకం తీసి, సిస్టర్ సంతకం చూపించి, అన్నిటికీ జవాబు చెప్పాను. అప్పుడు లోపలికి వచ్చి పడుకుంది.

మీకో మీ వాళ్లకో ఈ పైపు వేయాల్సి వస్తే ఆ మూడు ప్రశ్నలూ అడగండి, గుమ్మంలోనే అడగండి. మమ్మల్ని తొందరపెట్టకండి, ఆసుపత్రిలో మీ వాళ్లు ఎవరైనా పనిచేస్తున్నారని ముందుకు దూరకండి. అడిగితే మాకు కోపం వస్తుంది. రానివ్వండి, కాసేపట్లో పోతుంది. ఆ రోజు నేను మిగిల్చింది పన్నెండు నిమిషాలు. భద్రాచలంలో ఆ ఆఖరి బస్సు అరగంట ఆలస్యంగా కదిలిందని నాగి చాలా రోజుల తర్వాత చెప్పింది.